యూడోరా పెట్టెలో నాన్న ఉత్తరాలు

మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతుండగా అటక మీది రేకుపెట్టెలో, అమ్మ పాత నేతచీర ముక్కలో చుట్టిన హార్డు డిస్కు ఒకటి బయటపడింది. బయటపడింది అనడం సరికాదేమో. అది అక్కడ ఉన్నదని నాకు తెలుసు. 2004లో అమెరికా నుంచి తిరిగి వస్తూ కంప్యూటరును అక్కడే ఒక మిత్రునికి ఇచ్చేసి, లోపలి డిస్కును మాత్రం మరలు విప్పి తెచ్చుకున్నాను. అందులో నా పాత వేగులున్నాయి. (ఈమెయిలును వేగు అనడం మనలో కొందరికి ఇష్టం, వేగు అంటే గూఢచారి కదా అని ఆక్షేపించేవారూ ఉన్నారు. ఇద్దరికీ నచ్చేలా ఇకమీద ఉత్తరం అనే అంటాను.) ఆ ఉత్తరాలలో 1998 నుంచి 2003 దాకా తెనాలి నుంచి మా నాన్న వ్రాసినవి రెండు వందల పదకొండు. వాటికి లోకంలో మరో ప్రతి లేదు. ఆయన వాడినది ఒక ఉచిత జాలఖాతా. ఆయన పోయిన తర్వాత కొన్ని నెలలపాటు దాన్ని ఎవరూ తెరవలేదు. తెరిచేనాటికి అందులో ఏమీ లేదు.

ఇరవై ఏళ్లుగా ఈ పనిని వాయిదా వేస్తూ వచ్చాను. ఈసారి కొత్త కంప్యూటరు కొన్నప్పుడు, పాత డిస్కును తగిలించే అడాప్టరు కోసం సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లాను. దుకాణంలోని కుర్రవాడు అది చేతికిస్తూ, "కాపీ పేస్టే కదా సార్, అయిదు నిమిషాల పని" అన్నాడు. నాకు మూడు వారాలు పట్టింది. ఒక విధంగా ఆ కుర్రవాడు చెప్పిందే నిజం. అది ఎందుకు నిజమో, అయినా అన్ని రోజులు ఎందుకు పట్టిందో చెప్పాలంటే కథను 1971 నుంచి మొదలుపెట్టాలి.

ఆ సంవత్సరం మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో, బీబీఎన్ అనే సంస్థలో పనిచేస్తున్న రే టామ్లిన్సన్ ఒకే గదిలో పక్కపక్కన ఉన్న రెండు పీడీపీ-10 యంత్రాల మధ్య, ఆర్పానెట్ మీదుగా, ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి ఉత్తరం పంపాడు. మనిషి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య "అట్" గుర్తు పెట్టినవాడుగా ఆయన్ను అందరూ తలచుకుంటారు. నా దృష్టిలో మరొక సంగతికి అంతకన్నా ఎక్కువ ప్రాధాన్యముంది. అప్పటికే ఒకే యంత్రాన్ని పంచుకునేవారు ఒకరికొకరు ఉత్తరాలు వదిలిపెట్టుకునే ప్రోగ్రాము ఉండేది. దాని దృష్టిలో ఉత్తరాలపెట్టె అంటే ప్రత్యేకమైన వస్తువేమీ కాదు, ఒక మామూలు ఫైలు. ఇతరులు దాన్ని చదవలేరు, ఉన్నదాన్ని చెరపలేరు. చివర కొత్తది చేర్చగలరు, అంతే. టామ్లిన్సన్ చేసినదల్లా ఆ "చివర చేర్చడం" అనే పనిని తీగ అవతలి యంత్రంలోనూ జరిగేటట్టు చేయడం. మన వీధి తపాలాపెట్టె గుణమే ఇది: చీలికలోంచి ఎవరైనా కవరు వేయవచ్చు, తీయగలిగేది తాళంచెవి ఉన్నవాడే.

యూనిక్స్ యంత్రాలు ఈ పద్ధతినే అందుకున్నాయి. ఉత్తరం వెనుక ఉత్తరంగా ఒకే పొడుగాటి ఫైలు. ప్రతి ఉత్తరానికీ ముందు "ఫ్రమ్" అన్న మాటతో మొదలయ్యే ఒక పంక్తి. కొత్త ఉత్తరం ఎక్కడ మొదలవుతుందో చెప్పే ఆనవాలు అదొక్కటే. దీనికే ఎంబాక్స్ అని పేరు. పద్ధతి ఎంత సరళమంటే దశాబ్దాలపాటు దీనిని ప్రమాణంగా వ్రాసి పెట్టాలని కూడా ఎవరికీ తోచలేదు. 2005లో గాని ఆర్‌ఎఫ్‌సీ 4155 రాలేదు. సరళతకు మూల్యమూ ఉంది. ఉత్తరం వ్రాసేవాడు తన వాక్యాన్నే "ఫ్రమ్" అని మొదలుపెడితే యంత్రం దాన్ని మరో ఉత్తరం అనుకుంటుంది. అందుకని అటువంటి పంక్తి ముందు ఒక బాణం ముక్కు తగిలించేవారు. పాత ఆంగ్ల ఉత్తరాలలో అక్కడక్కడ అకారణంగా కనిపించే ఆ ముక్కు అచ్చుతప్పు కాదు, యంత్రం పెట్టిన దిష్టిచుక్క.

నేను 1996లో అమెరికా వెళ్లినప్పుడు విశ్వవిద్యాలయంలో చేతికి వచ్చినది పైన్. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవారు 1989లో మొదలుపెట్టిన ప్రోగ్రాము అది. నల్ల తెర మీద అక్షరాలే తప్ప బొమ్మలు లేవు. ఉత్తరాలు విశ్వవిద్యాలయం యంత్రంలోనే ఉండేవి. మేము ఎక్కడి నుంచో లోపలికి తొంగిచూసేవాళ్లం. చదువైపోతే ఖాతాతోపాటు ఉత్తరాలూ పోతాయని సీనియర్లు చెప్పేవారు. వాటిని నా సొంత యంత్రంలోకి దించుకోవాలన్న యోచన అలా పుట్టింది.

ఉత్తరాన్ని ఇంటికి దించుకోవడమన్నది కూడా అప్పటికి పాత ఆలోచనే. సొంత కంప్యూటర్లు ఇరవైనాలుగు గంటలూ తీగకు తగిలి ఉండవు. అందువల్ల అవి మేలుకున్నప్పుడు తపాలా కార్యాలయానికి వెళ్లి తమ ఉత్తరాలు తెచ్చుకునే ఏర్పాటు కావాలి. 1984లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 918 దీనికే పుట్టింది. పేరు కూడా పోస్టాఫీసు ప్రోటోకాల్, కురచగా పాప్. మనం ఎరిగిన పాప్-3 రూపం 1988లో వచ్చింది. ఇంచుమించు అదే కాలంలో, 1986లో, స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ ఐమాప్‌ను తయారుచేశాడు. ఈ రెండింటికీ మధ్య ఉన్నది సాంకేతిక భేదం మాత్రమే కాదు. పాప్‌లో ఉత్తరం మీ ఇంటికి వస్తుంది. మామూలుగా పోస్టాఫీసులో ప్రతి మిగలదు. ఐమాప్‌లో ఉత్తరం అక్కడే ఉంటుంది, మీకు కనిపించేది దాని నీడ. మొదటిదానిలో ఇల్లు తగలబడితే ఉత్తరాలు పోతాయి, రెండోదానిలో పోస్టాఫీసు మూతపడితే పోతాయి. నేను మొదటిది ఎంచుకున్నాను, నాన్న తెలియకుండానే రెండోదానిలో పడ్డారు. మా ఇద్దరిలో ఎవరి ఉత్తరాలు మిగిలాయో పైన చెప్పాను.

ఇక యూడోరా. ఇలినాయ్ విశ్వవిద్యాలయం, అర్బానా-షాంపేన్‌లో ఉద్యోగిగా ఉన్న స్టీవ్ డోర్నర్ 1988లో మెకింతోష్ యంత్రాల కోసం దీనిని వ్రాశాడు. ఉత్తరాలతో కుస్తీ పడుతూ పోస్టాఫీసులోనే కాపురమున్నట్టు అనిపించి, ఆయనకు చదివిన కథ ఒకటి గుర్తుకు వచ్చిందట. అమెరికా రచయిత్రి యూడోరా వెల్టీ 1941లో ప్రకటించిన కథ అది. ఇంటివాళ్లతో పోట్లాడి, సామాను సర్దుకుని, తాను ఉద్యోగం చేసే చిన్న పోస్టాఫీసులోనే మకాం పెట్టిన ఒక అమ్మాయి తన గోడు చెప్పుకుంటుంది. ఆ రచయిత్రి పేరే ప్రోగ్రాముకు పెట్టాడు. సాఫ్టువేరుకు కథకురాలి పేరు పెట్టడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. మన ప్రోగ్రాములకు తిక్కన, పోతన అని ఖతుల పేర్లు పెట్టుకున్నాం గాని, బతికి ఉన్న కథకుల పేరు పెట్టిన గుర్తు నాకు లేదు. 1991లో యూడోరా క్వాల్‌కామ్ సంస్థ చేతికి వెళ్లింది. సెల్‌ఫోను సాంకేతికతకు పేరుపడ్డ సంస్థకు ఉత్తరాల ప్రోగ్రాముతో ఏం పని అనిపిస్తుంది. ఏమైనా వారు పదిహేనేళ్లు సాకారు. డబ్బు పెట్టి కొనేది ప్రో, ఉచితంగా ఇచ్చేది లైట్. 1998లో మొదటి జీతంతో కంప్యూటరు కొన్నప్పుడు నేను దించుకున్నది లైటే.

ఇప్పుడు దాని కడుపులో ఏముండేదో చెప్పాలి, ఎందుకంటే నా మూడు వారాల కథంతా అక్కడే ఉంది. యూడోరా ఉత్తరాలన్నిటినీ ఎంబాక్స్ పద్ధతిలోనే, ఎంబీఎక్స్ అనే తోక ఉన్న మామూలు అక్షర ఫైళ్లలో పెట్టేది. వచ్చినవి ఒకదానిలో, పంపినవి ఒకదానిలో, చెత్తబుట్టలో వేసినవి ఒకదానిలో. ఉత్తరాల మధ్య గీటుగా "ఫ్రమ్" అన్న మాట, దాని తర్వాత మూడు ప్రశ్నార్థకాలు, అట్ గుర్తు, మరో మూడు ప్రశ్నార్థకాలు. పంపినవారెవరో తెలియనట్టు ప్రతి ఉత్తరం నెత్తినా ఈ ప్రశ్నలు ఉంటాయి. అసలు చిరునామా కింది పంక్తులలో ఉంటుందనుకోండి. ప్రతి ఎంబీఎక్స్ ఫైలుకూ జతగా టీఓసీ అని మరొకటి, అంటే విషయసూచిక. ఏ ఉత్తరం ఎన్నో అక్షరం దగ్గర మొదలవుతుంది, చదివామా లేదా, జవాబిచ్చామా లేదా అన్నవన్నీ అందులో. ఎంబీఎక్స్‌ను నోట్‌ప్యాడులో తెరిచి చదువుకోవచ్చు. టీఓసీ యంత్రానికి మాత్రమే అర్థమయ్యే భాష. సూచిక పోయినా ఫరవాలేదు, ఫైలును మొదటినుంచి చదివి యూడోరా కొత్తది తయారు చేసుకుంటుంది. అయితే ఏది చదివాం, దేనికి జవాబిచ్చాం అన్న గుర్తులు పోతాయి.

ఉత్తరాన్ని తొలగిస్తే ఏమవుతుందన్నది ఇంకా చిత్రం. సూచికలోంచి పేరు మాయమై చెత్తబుట్టలోకి చేరుతుంది. ఎంబీఎక్స్‌లోని అక్షరాలు మాత్రం వెంటనే కదలవు. పెద్ద ఫైలు మధ్యలోంచి నాలుగు పంక్తులు తీసేయాలంటే మిగిలినదంతా మళ్లీ వ్రాయాలి, ఆనాటి డిస్కులకు అది భారమైన పని. కనుక ఆ చోటును "వృథా" అని లెక్కగట్టి అలాగే ఉంచేది. పెట్టెలో ఎన్ని ఉత్తరాలు, ఎంత పరిమాణం, అందులో ఎంత వృథా అన్నవి కింద ఎడమ మూలన మూడు అంకెలుగా కనబడుతుండేవి. సర్దుకొమ్మని చెబితే సర్దేది. నేనేనాడూ చెప్పలేదు.

జతపరిచిన ఫైళ్లను మాత్రం యూడోరా ఉత్తరంతోపాటు ఉంచేది కాదు. 1992లో నథానియెల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్‌లు మైమ్ ప్రమాణాన్ని రూపొందించినప్పటి నుంచి బొమ్మలనూ పత్రాలనూ అక్షరాలుగా మార్చి ఉత్తరంలోనే దట్టించడం వీలయింది. యూడోరా ఆ మూట విప్పి, ఫైలును వేరే ఫోల్డరులో పడేసి, ఉత్తరంలో "అటాచ్‌మెంట్ కన్వర్టెడ్" అని ఒక పంక్తీ, ఆ ఫైలు ఉన్న చోటూ వ్రాసి పెట్టేది. స్థలం కలిసివస్తుంది, నిజమే. కాని ఇల్లు మారేటప్పుడు ఈ రెంటినీ కలిపి మోయాలన్న సంగతి గుర్తుండాలి. నా మొదటి డిస్కు నిండిపోయి జతఫైళ్లను రెండో డిస్కుకు మళ్లించుకున్నాను. 2001లో కంప్యూటరు మార్చినప్పుడు యూడోరా ఫోల్డరు మొత్తం నకలు చేశాను, అంతా బాగానే తెరుచుకుంది, సంతోషంగా రెండో డిస్కును చెరిపి మరొకరికి ఇచ్చేశాను. అమ్మ చేతివ్రాతతో వ్రాసిన రెండు కాగితాలను నాన్న 1999లో స్కాన్ చేయించి పంపారు. నా దగ్గర ఇప్పుడున్నది ఆ పంక్తి మాత్రమే, లేని డిస్కులో లేని ఫైలుకు చిరునామా. ఆ తప్పు పూర్తిగా నాది.

మిగతా ప్రోగ్రాములు ఏం చేస్తుండేవో ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. విండోస్‌తోపాటు వచ్చిన ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ 5వ కూర్పు నుంచి డీబీఎక్స్ అనే సొంత పద్ధతి వాడేది, ఫైళ్లు అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక పొడుగాటి పేరున్న దాపుడు ఫోల్డరు అడుగున ఉండేవి. విండోస్ విస్తా వచ్చిన 2007 నాటికి ఆ ప్రోగ్రామే లేదు. ఆఫీసు ఔట్‌లుక్‌లోనైతే ఉత్తరాలు, చిరునామాలు, పంచాంగం అంతా పీఎస్‌టీ అనే ఒకే మూట. పాత రకం మూట 2 గిగాబైట్లు దాటకూడదు. ఆ మూట ఎలా కట్టారో సంస్థవారు 2010లో ప్రకటించారు. చెప్పకుండా ఉండిపోవడం కన్నా అదే మేలు. ఉత్తరాలను ఎవరైనా చదవగలిగే మామూలు అక్షరాలుగా ఉంచడమా, తాము తప్ప మరెవరూ విప్పలేని మూటగా కట్టడమా అన్న విషయంలో నా మొగ్గు ఎటో వేరే చెప్పనక్కరలేదు. అయితే యూడోరావారు భవిష్యత్తు మీద దయతో ఆ పని చేశారని అనుకోను. యూనిక్స్ నుంచి వచ్చిన అలవాటు, అంతే.

నాన్న సంగతికి వస్తాను. ఆయన ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా పనిచేసి విరమించారు. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్టు వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా 1995 ఆగస్టు 15న అందుబాటులోకి వచ్చింది. తెనాలి బోసు రోడ్డులోని నెట్ సెంటరుకు మా నాన్న 1998లో వెళ్లారు. గంటల లెక్కన డబ్బు కట్టాలి కనుక ఇంటి దగ్గరే కాగితం మీద అంతా వ్రాసుకుని వెళ్లి, అక్కడ ఒక వేలితో కొట్టేవారు. ఏ భాషలో? ఆంగ్లంలో వ్రాయడం ఆయనకు ఇష్టం లేదు. యూనికోడులో తెలుగు 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచే ఉన్నా, మామూలు కంప్యూటర్లో అది కనబడడానికి విండోస్ ఎక్స్‌పీ రావాలి, అంటే 2001 చివరిదాకా ఆగాలి. కనుక నేను ఆయనకు ఆర్‌టీఎస్ నేర్పాను.

ఆర్‌టీఎస్ గురించి మీకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు రూపొందించిన లిప్యంతరీకరణ అది. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ; చిన్న టీ త, పెద్ద టీ ట; పెద్ద ఎమ్ సున్న. లేఖిని మీటలను అలవాటు చేసుకున్నవారికి 2006లో అది కొత్తగా అనిపించకపోవడానికి కారణం ఇదే. నాన్నకు రెండు పుటల పట్టిక చేతితో వ్రాసి మామూలు టపాలో పంపాను. ఆయన ఒక వారం సాధన చేసి మొదటి ఉత్తరంలోనే, ఆంగ్లేయులు పెద్దక్షరాలను మనుషుల పేర్లకే వాడి వృథా చేశారనీ, వాటికి ఇన్నాళ్లకు తగిన పని దొరికిందనీ వ్రాశారు.

మధ్యలో నాకు అత్యాశ పుట్టింది. 2000లో కొన్నాళ్లు దేశికాచారి గారి తిక్కన ఖతితో అచ్చమైన తెలుగు అక్షరాలలో జవాబులు పంపాను. తెనాలి నెట్ సెంటరులో ఆ ఖతి లేదు. "నీ ఉత్తరం చీనా భాషలో వచ్చింది, క్షేమమని భావిస్తున్నాను" అని నాన్న సమాధానం. మళ్లీ ఆర్‌టీఎస్‌కే దిగాను.

2006 అక్టోబరులో క్వాల్‌కామ్ యూడోరాను ఆపేస్తున్నట్టు చెప్పింది. మొజిల్లా థండర్‌బర్డ్ పునాది మీద అదే పేరుతో మరొకటి కట్టారు గాని పాతవారికి అది రుచించలేదు. మనవంటివారికి అప్పటికే యూడోరాతో వేరే చిక్కు ఉండేది: యూనికోడు తెలుగు దానికి అంతుపట్టదు, తెలుగులో వచ్చిన ఉత్తరం వరుసగా ప్రశ్నార్థకాలై కనబడేది. మన లిపి కంప్యూటర్లో నిలదొక్కుకుంటున్న ఆ రెండు మూడేళ్లలోనే మనం దాన్ని వదులుకోవలసి వచ్చింది. 2018 మేలో కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం, క్వాల్‌కామ్ అనుమతితో, యూడోరా మూలసంకేతాన్ని అందరికీ విడుదల చేసింది. వ్రాయడం ఆగిన పన్నెండేళ్లకు వ్రాతప్రతి గ్రంథాలయానికి చేరింది.

ఇప్పుడు ఈ సంవత్సరం పని. డిస్కు మొదట కిర్రుమంది, రెండోసారికి తిరిగింది. యూడోరా ఫోల్డరును కొత్త యంత్రంలోకి రెండు ప్రతులు తీసుకుని, ఒకదానికి వ్రాతతాళం వేశాను. ఇది చాదస్తం కాదు. ఆర్‌టీఎస్ ఉత్తరాలు ఏ యంత్రమైనా చదవగల ఆస్కీ అక్షరాలు, వాటికి భయం లేదు. తిక్కన ఖతిలో నేను వ్రాసిన జవాబులలో ఆస్కీ పరిధి దాటిన సంకేతాలున్నాయి, వాటికి తెలుగుతో ఉన్న సంబంధం ఆ ఖతికి మాత్రమే తెలుసు. నేటి ప్రోగ్రాములు ఏ ఫైలునైనా యూనికోడే అనుకుని తెరుస్తాయి. తమకు పొసగని సంకేతాల చోట నల్లని వజ్రంలో ప్రశ్నార్థకం ఒకటి చూపిస్తాయి. అక్కడ పొరపాటున "భద్రపరచు" నొక్కితే అసలు సంకేతం పోయి ఆ వజ్రమే మిగులుతుంది. వంద వేరు వేరు అక్షరాలు ఒకే గుర్తు అయ్యాక వెనక్కు తెచ్చే దారి లేదు.

కుర్రవాడన్న అయిదు నిమిషాలలో ఇంతవరకు అయింది. యూడోరా చివరి కూర్పు 7.1ను కొత్త విండోస్‌లో నడిపి చూస్తే ఆశ్చర్యం, నడిచింది. ఉత్తరాలన్నీ ఉన్నాయి. తర్వాతి పని నాన్న ఉత్తరాలను విడదీసి, ఆర్‌టీఎస్ నుంచి యూనికోడులోకి మార్చడం. దీనికో చిన్న ప్రోగ్రాము వ్రాసుకున్నాను. తేదీలు, బ్యాంకు చిరునామాలు, మందుల పేర్లు విచిత్రమైన తెలుగులోకి మారి కాసేపు నవ్వు తెప్పించాయి. వాటిని చేతితో సరిచేయక తప్పలేదు. మరొక ఇబ్బంది, 1999 చివరి నుంచి నాన్న ఉత్తరాలలో ఆర్ అక్షరం పక్కన అక్కడక్కడ ఒక నక్షత్రం గుర్తు ఉంది. అన్ని ఆర్‌ల పక్కనా లేదు. నా ప్రోగ్రాము అక్కడల్లా తడబడింది. ఆ రోజుల్లో కూడా వాటిని చూశాను. నెట్ సెంటరు కీబోర్డులో ఏదో మీట అతుక్కుపోయిందని అనుకున్నాను. అడగలేదు. ఇప్పుడు అన్నిటినీ తీసేద్దామని ప్రోగ్రాములో ఒక పంక్తి వ్రాసి, ఎందుకో ఆ రాత్రి నడపలేదు.

మరునాడు లెక్క సరిచూశాను. యూడోరా తెర మీద వచ్చిన ఉత్తరాల సంఖ్య 1143. ఎంబీఎక్స్ ఫైలులో ప్రశ్నార్థకాల గీట్లు లెక్కపెడితే 1171. ఇరవై ఎనిమిది ఎక్కువ. మొదట నా ప్రోగ్రాములోనే తప్పుందనుకుని రెండు రోజులు దాన్ని తిట్టుకున్నాను. తర్వాత వెలిగింది. ఎడమ మూలన ఉండే మూడో అంకె, "వృథా". నేను తొలగించిన ఉత్తరాలు. సూచికలో లేవు, చెత్తబుట్ట ఎప్పుడో ఖాళీ అయింది, కాని పెద్దపెట్టెలో వాటి అక్షరాలు ఉన్నచోటనే ఉన్నాయి. ఒక ప్రతిలో టీఓసీ ఫైలును తీసేసి యూడోరాను తెరిచాను. అది ఎంబీఎక్స్‌ను మొదటినుంచి చదివి కొత్త సూచిక తయారుచేసింది. 1171.

ఇరవై ఆరు వట్టి చెత్త: లాటరీలు, పదిమందికి పంపకపోతే అరిష్టమనే స్తోత్రాలు. ఒకటి నేను నాకే పంపుకున్న పరీక్ష ఉత్తరం. మిగిలినది నాన్నది, 1999 అక్టోబరు 21.

ఆ నెలలో మా మధ్య మాటలు సరిగా లేవు. ఊళ్లోని పెంకుటింటిని అమ్మవద్దని నేను ఫోనులో గట్టిగా అన్నాను. అమెరికాలో కూర్చుని ఆ ఇంటికి ఏడాదికోసారి పెంకు మార్పించేదెవరో చెప్పకుండానే అన్నాను. ఆ తర్వాత ఆయన నుంచి ఈ ఉత్తరం వచ్చింది. మొదటి వాక్యం, ఇంటి అమ్మకానికి నిన్న సంతకం పెట్టాను అని. అక్కడితో మూసి తొలగించాను. ఆ సంగతి నాకు బాగా గుర్తుంది. గుర్తులేకపోవడమేమిటి, తర్వాత మూడు వారాలు నేను ఆయనకు వ్రాయలేదు.

ఉత్తరం మొత్తం ముప్ఫై ఒక్క పంక్తులు. ఇంటి మాట తొమ్మిది పంక్తులలో అయిపోయింది. కొన్నవారు నూతిని పూడ్చబోమని మాట ఇచ్చారట. తర్వాత "అది అలా ఉంచు" అని మొదలుపెట్టి, నీవు పంపిన పట్టికలో బండి ఱ కనబడలేదు, దానికి ఏ మీటో తెలియజేయి అని అడిగారు. చెఱువును చెరువు అని వ్రాయవలసి వస్తున్నదనీ, నలభై ఏళ్లు పిల్లల చేత దిద్దించిన చేతితో అలా కొట్టడం కష్టంగా ఉన్నదనీ. పట్టిక నేనే వ్రాశాను. ఆర్‌టీఎస్‌లో దానికి సంకేతం ఉంది, టిల్డా గుర్తు పెట్టి ఆర్ కొట్టాలి. ఎవరు వాడతారులే అని నేను పట్టికలో వదిలేశాను. చివర ఇలా ఉంది: నీవు చెప్పేవరకు ఆర్ పక్కన నక్షత్రం పెడతాను, దాన్ని శకటరేఫగా చదువుకో.

నేను చెప్పలేదు. ఆయన మళ్లీ అడగలేదు. 2003 మార్చిలో వ్రాసిన ఆఖరి ఉత్తరం దాకా నక్షత్రం పెడుతూనే ఉన్నారు.

ప్రోగ్రాములో నక్షత్రాలను తీసేసే పంక్తిని చెరిపి, వాటిని ఱగా మార్చే పంక్తి వ్రాయడం క్షణం పని. వ్రాసి, నడపకుండా పక్కన పెట్టాను. ఒక్కొక్క ఉత్తరమే తెరిచి చేతితో మారుస్తున్నాను. గుఱ్ఱం, కొఱత, నూఱు, మఱి. ఒకచోట మాత్రం అది నిజంగా గుణకార చిహ్నమే, ధాన్యం బస్తాల లెక్కలో. ఇప్పటికి 2000 జూన్ దాకా వచ్చాను. తిక్కన ఖతిలో నేను వ్రాసిన పద్నాలుగు జవాబులు ఇంకా విప్పలేదు. ఆ ఖతి సంకేతాల పట్టిక మీలో ఎవరి పాత డిస్కులోనైనా ఉంటే పంపగలరు.